పామాయిల్ మంచిదా... చెడ్డదా? ఎవరి మాట నమ్మాలి?

'పామాయిల్ వాడితే గుండెకు ముప్పే' అంటారొకరు. 'క్యారెట్‌ కంటే అందులోనే విటమిన్-ఎ ఇచ్చే పదార్థం ఎక్కువ' అంటారు ఇంకొకరు. ఇద్దరూ గట్టిగానే చెబుతారు. ఇద్దరి దగ్గరా అంకెలుంటాయి. విచిత్రమేమిటంటే, ఇద్దరూ చెప్పేదాంట్లో నిజం ఉంది. ఇద్దరూ చెప్పకుండా వదిలేసేదీ ఉంది. తిండి గురించిన సమాచారాన్ని ఎలా నమ్మాలో, ఎంతవరకు నమ్మాలో తెలుసుకోవాలంటే ఏలూరు పక్కనున్న పెదవేగి తోటల్ని మించిన పాఠం లేదు.

వేంగి నేల మీద ఆఫ్రికా చెట్టు

పెదవేగి అంటే చరిత్ర చదివినవాళ్లకు శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు గుర్తొస్తారు. ఒకనాటి వేంగి రాజధాని ఇదే. ఇప్పుడా ఊరి పేరు చెబితే రైతులకు గుర్తొచ్చేది ఆయిల్‌పామ్. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టిన ఈ చెట్టు 1990ల మొదట్లో ఉమ్మడి పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతంలో వేళ్లూనుకుంది. 1995లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆయిల్‌పామ్ కోసం ఒక జాతీయ పరిశోధన కేంద్రాన్ని పెదవేగిలోనే నెలకొల్పింది. అదే ఇప్పటి భారత ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. గెలలు ఆడించే ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ కూడా ఇక్కడే ఉంది.

మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గెలలు మొదలవుతాయి. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా కాస్తూనే ఉంటుంది. హెక్టారుకు దాదాపు 4 టన్నుల నూనె ఇవ్వగల పంట ఇంకొకటి లేదు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి, 2021 ఆగస్టులో కేంద్రం రూ.11,040 కోట్లతో ఆయిల్‌పామ్ కోసం ప్రత్యేక మిషన్‌నే ప్రకటించింది. దేశంలో ఈ నూనెలో దాదాపు అంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ రాష్ట్రాల నుంచే వస్తోందని అప్పట్లో కేంద్రమే చెప్పింది.

అంటే, 'పామాయిల్ విషం' అన్న ఒక్క మాట ఇక్కడి తోటల మీద బతికే కుటుంబాలను తాకుతుంది. 'పామాయిల్ అమృతం' అన్న మాట నమ్మి, అప్పటికే గుండెజబ్బు ఉన్న ఇంటాయన రోజూ బూరెలు లాగిస్తే ఆ దెబ్బ ఆ ఇంటికి తగులుతుంది. మాట చిన్నదే. దాని వెనక ఒకచోట గెల ధర ఉంది, ఇంకోచోట ప్రాణం ఉంది. అందుకే ఏ మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడం తప్పనిసరి.

ఏ నూనె సంగతి చెబుతున్నారు?

ఆయిల్‌పామ్ పండు ఒకటే అయినా, అందులోంచి వచ్చే నూనెలు వేరువేరు. పైనున్న గుజ్జు పిండితే వచ్చేది పామాయిల్. లోపలి గింజ ఆడిస్తే వచ్చేది పామ్‌కెర్నెల్ నూనె. గుజ్జు నుంచి తీసిన ముడినూనె ఎర్రగా, చిక్కగా ఉంటుంది. ఆ ఎరుపు కెరోటిన్లది. కిలో ముడినూనెలో అవి 500 నుంచి 700 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. వాటిలో ముఖ్యమైన బీటా కెరోటిన్‌ను మన శరీరం విటమిన్-ఎగా మార్చుకుంటుంది. 1990లలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఈ ఎర్రనూనెతో చేసిన తినుబండారాలను బడిపిల్లలకు పెట్టి చూసింది. వాళ్ల రక్తంలో విటమిన్-ఎ పెరిగినట్టు తేలింది కూడా.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే పామాయిల్ అమృతమే!

కానీ మనం కొట్లో కొనే పామోలిన్ ప్యాకెట్ ఎర్రగా ఉండదు కదా? లేత పసుపుపచ్చగా ఉంటుంది. రంగు, వాసన పోవడానికి నూనెను శుద్ధి చేసేటప్పుడు ఆ కెరోటిన్లు దాదాపుగా పోతాయి. ప్యాకెట్ మీద '+ఎఫ్' గుర్తు ఉంటే, విటమిన్-ఎ, విటమిన్-డి తర్వాత విడిగా కలిపారని అర్థం. అది చెట్టు ఇచ్చింది కాదు, ఫ్యాక్టరీలో చేర్చింది. ఎర్రనూనె మీద చేసిన పరిశోధనను చూపించి తెల్లబడ్డ పామోలిన్‌ను పొగిడితే, ఒకరి మార్కులు ఇంకొకరికి వేసినట్టే.

పామ్‌కెర్నెల్ నూనె సంగతి మరీ వేరు. అందులో సంతృప్త కొవ్వు 80 శాతం దాకా ఉంటుంది. గుజ్జు నూనెలో ఇది దాదాపు 50 శాతం. గింజనూనె అంకెను తెచ్చి పామాయిల్ పేరు మీద రాసేవాళ్లూ ఉన్నారు. తిండి గురించి ఏది చదివినా ముందు అడగాల్సింది ఇదే... 'మీరు చెబుతున్నది సరిగ్గా ఏ రూపంలో ఉన్నదాని గురించి?'

'కొలెస్ట్రాల్ సున్నా'... అయితే ఏంటి?

నూనె ప్యాకెట్ల మీద 'కొలెస్ట్రాల్ లేదు' అన్న మాట మనం ఎన్నోసార్లు చూసి ఉంటాం. అది అబద్ధం కాదు. కొలెస్ట్రాల్ జంతు సంబంధమైన పదార్థాల్లో ఉంటుంది. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గంత ఉండదు. పామాయిల్‌లోనూ ఉండదు, వేరుసెనగ నూనెలోనూ ఉండదు. 'మా బావి నీళ్లలో చేపముల్లు లేదు' అని గొప్పగా చెప్పుకోవడంలాంటిదే ఇది కూడా.

రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడంలో ఎక్కువ పాత్ర నూనెలోని సంతృప్త కొవ్వుది. ఆ అంకె ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం సంతృప్త కొవ్వు, ట్రాన్స్‌ఫ్యాట్ ఎంతెంత ఉన్నాయో అక్కడ వేయాలి. ముందు పెద్ద అక్షరాల్లో ఉన్నదీ నిజమే, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నదీ నిజమే. కానీ మనకు అక్కరకొచ్చే నిజం వెనకే ఉంది.

దేనితో పోల్చి?

పామాయిల్‌లో సంతృప్త కొవ్వు దాదాపు సగం. సరే, మిగతావాటిలో? కొబ్బరినూనెలో 90 శాతం. నెయ్యిలో 60 శాతానికి పైగా. వేరుసెనగ, తవుడు నూనెల్లో ఇంచుమించు 20. నువ్వుల నూనెలో 15. పొద్దుతిరుగుడులో 10 నుంచి 12. ఈ వరస చూశాక 'పామాయిల్ ముట్టుకోకండి, కొబ్బరినూనె తాగండి' అన్న సలహా ఎంత నిలుస్తుందో మీరే చెప్పొచ్చు.

వనస్పతి బదులు పామాయిల్ వాడితే అది మేలే. ఎందుకంటే పాత పద్ధతిలో తయారైన వనస్పతిలో ట్రాన్స్‌ఫ్యాట్ ఉండేది. అది సంతృప్త కొవ్వు కంటే ప్రమాదకరం. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడమే కాదు, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది కూడా. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదన్న నిబంధన వచ్చింది. అదే, పొద్దుతిరుగుడు నూనెనో తవుడు నూనెనో మానేసి ఆ స్థానంలో పామోలిన్ తెచ్చుకుంటే చెడు కొలెస్ట్రాల్ పెరిగే వీలుంది. నూనె ఒకటే. దేని బదులు వాడుతున్నామన్న దాన్నిబట్టి మంచీ చెడూ తారుమారవుతాయి. 'దేనితో పోలిస్తే?' అన్నది చెప్పకుండా మంచిదనో, చెడ్డదనో తేల్చేసే మాట సగం మాటే.

అమెరికాలో నూనెల యుద్ధం

ఎవరు చెబుతున్నారన్నది కూడా చూడాలి. దీనికి ఓ మంచి ఉదాహరణ అమెరికాలో ఉంది. 1980ల చివర్లో అక్కడి సోయా రైతుల సంఘం పామాయిల్, కొబ్బరినూనెల మీద పెద్ద ప్రచారమే సాగించింది. దిగుమతి నూనెలు తగ్గితే సోయానూనెకు గిరాకీ పెరుగుతుంది కదా! ఇంకోపక్క ఫిల్ సొకొలాఫ్ అనే వ్యాపారి, తనకు గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డాక, సొంత డబ్బుతో 1988లో పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలు వేయించాడు. 'అమెరికాకు విషం పెడుతున్నారు' అన్నది వాటి సారాంశం. ఆయన ఆవేదనలో స్వార్థం లేదు. కంపెనీలు దిగొచ్చాయి. బిస్కట్లలో, చిరుతిళ్లలో పామాయిల్ మానేశాయి.

బదులుగా ఏం వాడాయో తెలుసా? ఎక్కువగా హైడ్రోజనీకరించిన సోయానూనె. అంటే ట్రాన్స్‌ఫ్యాట్! 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కటాన్ దాని గుట్టు బయటపెట్టారు. 2015కి గానీ అమెరికా ఆహార ఔషధ సంస్థ అలాంటి నూనెలు సురక్షితం కావని తేల్చలేదు. పులిని చూసి పారిపోయి మొసలి నోట్లో పడ్డట్టయింది.

అటు మలేసియా, ఇండోనేసియా వంటి దేశాల పామాయిల్ పరిశ్రమ కూడా ఊరుకోలేదు. తన నూనె మంచిదని చెప్పే పరిశోధనలకు డబ్బు పెట్టింది. చక్కెర కంపెనీలదీ అదే దారి. 1960లలో హార్వర్డ్ పరిశోధకులకు అక్కడి చక్కెర పరిశ్రమ సంఘం డబ్బిచ్చి, గుండెజబ్బుల నింద కొవ్వుల మీదికి మళ్లేలా సమీక్ష రాయించుకుందని 2016లో పాత ఉత్తరాల ఆధారంగా బయటపడింది. డబ్బు తీసుకున్న ప్రతి పరిశోధనా అబద్ధం కాకపోవచ్చు. కానీ ఎవరి డబ్బో పాఠకుడికి తెలియాలి. మన దగ్గర 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ తెచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ అదే. ఆరోగ్య సలహాలిచ్చే ప్రముఖులు వైద్యులో, నిపుణులో అయితే తమ అర్హతను చెప్పాలి. కానివాళ్లయితే తమ మాట వైద్యసలహాకు బదులు కాదని స్పష్టం చేయాలి.

మన పెదవేగి విషయంలోనూ ఈ తేడా గుర్తుంచుకోవాలి. ఏ రకం మొక్క నాటాలి, నీళ్లెంత పెట్టాలి, ఏ తెగులుకు ఏ మందు... వీటికి ఆయిల్‌పామ్ సంస్థను మించిన సలహాదారు లేదు. గుండెకు మంచిదా కాదా అన్నది మాత్రం పోషకాహార శాస్త్రజ్ఞులు తేల్చాల్సిన మాట. పండించేవాళ్లు, అమ్మేవాళ్లు, తూకం వేసేవాళ్లు వేరువేరుగా ఉంటేనే తూకానికి విలువ.

ఒక్క మెతుకు చాలదు

ఆ తూకం వేసే చోటు హైదరాబాద్ తార్నాకలో ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధి మీద పరిశోధన కోసం మొదలుపెట్టిన చిన్న విభాగమే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ చేరింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. మన ఇడ్లీలో ఎంత, గోంగూరలో ఎంత అని ఎవరు ఏ అంకె చెప్పినా, అది నిజమైనదైతే చాలావరకు ఇక్కడి పట్టికల్లోంచి వచ్చిందే.

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. పోషకాల లెక్కకు మాత్రం చాలదు. కోస్తాలో పండిన తోటకూర, రాజస్థాన్‌లో పండిన తోటకూర ఒకటి కాదు. నేల, రకం, కాలం అన్నీ తేడా తెస్తాయి. అందుకే 2017లో ఈ సంస్థ తెచ్చిన 'భారతీయ ఆహార కూర్పు పట్టికల' కోసం దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విడదీసి నమూనాలు సేకరించారు. 528 రకాల ఆహార పదార్థాలు, ఒక్కోదానిలో 151 దాకా అంశాలు. తినే భాగాన్ని విడదీసి, ప్రయోగశాలలో పరీక్షించి, సగటు వేశారు. సగటు పక్కనే హెచ్చుతగ్గులు ఎంతున్నాయో కూడా వేశారు. 'మాకు వచ్చిన అంకె ఇది, ఇంత అటూఇటూ ఉండొచ్చు' అని ఒప్పుకోవడమే ఆ పట్టిక గొప్పతనం. తేడా ఉండొచ్చని చెప్పే అంకెను నమ్మొచ్చు. 'నూటికి నూరుపాళ్లు' అనేవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

మునగాకు లెక్క

'మునగాకులో పాల కంటే 17 రెట్లు కాల్షియం' అన్న మాట మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. ఎక్కడిదీ లెక్క? ఎండబెట్టిన మునగాకు పొడిని, నీళ్లే ఎక్కువగా ఉండే పాలను, రెండింటినీ 100 గ్రాముల చొప్పున తీసుకుని పోల్చిన లెక్క. పొడిలో నీళ్లు ఉండవు కాబట్టి అన్నీ చిక్కబడతాయి. 2017 పట్టిక ప్రకారం 100 గ్రాముల పచ్చి మునగాకులో కాల్షియం 314 మిల్లీగ్రాములు. ఆవుపాలలో 118. అంటే రెండున్నర రెట్ల పైచిలుకు. 17 రెట్లు కాదు.

ఇంకో సంగతి. పాలు గ్లాసుడు తాగుతాం. మునగాకు పొడి గ్లాసుడు తినలేం కదా! చెంచాడు పొడి రెండు మూడు గ్రాములుంటుంది. అందులో వచ్చే కాల్షియం 40 నుంచి 60 మిల్లీగ్రాములు. గ్లాసు పాలలో దాదాపు 240. అలాగని మునగాకు తక్కువదేమీ కాదు. పప్పులో వేసుకున్నా, వేపుడు చేసుకున్నా చక్కని ఆకుకూర. దాని మంచితనం చెప్పడానికి 17 రెట్ల అబద్ధం అక్కర్లేదు, అంతే.

మాట మారితే మోసమా?

'నిన్న గుడ్డు వద్దన్నారు, ఇవాళ తినమంటున్నారు. వీళ్ల మాట ఎలా నమ్మడం?' అని విసుక్కునేవాళ్లు చాలామంది. 1971లో ఇదే పోషకాహార సంస్థ అచ్చువేసిన పాత పట్టికలో పచ్చి మునగాకు కాల్షియం 440 మిల్లీగ్రాములు. 2017లో 314. కొత్త నమూనాలు, కొత్త పరికరాలు, కొత్త అంకె. గుడ్డు విషయమూ అంతే. రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కొలెస్ట్రాల్ తినకూడదన్న అంకెను అమెరికా 2015-20 ఆహార మార్గదర్శకాల్లోంచి తీసేశారు. తింటున్న కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వు ప్రభావమే ఎక్కువని ఆధారాలు రావడమే కారణం.

కొత్త కొలత వచ్చినప్పుడు అంకె మార్చుకోవడం నమ్మకాన్ని తగ్గించేది కాదు, పెంచేదే. ముప్పై ఏళ్లనాటి అంకెను తేదీ లేకుండా తిప్పుతుంటేనే అనుమానించాలి. అందుకే ఏది చదివినా ఏ ఏడు లెక్కో చూడాలి.

మరి పెదవేగి వంటింట్లో?

ఇన్ని చెప్పుకొన్నాక, మొదటి ప్రశ్నకు జవాబేంటి? 2,000 క్యాలరీల ఆహారం తీసుకునేవారికి పోషకాహార సంస్థ సూచించిన నూనె రోజుకు దాదాపు 27 గ్రాములు. అంటే అయిదారు చెంచాలు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు. సంతృప్త కొవ్వు నుంచి వచ్చే శక్తి మొత్తంలో 10 శాతం మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2,000 క్యాలరీలకు అది 22 గ్రాములవుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. ఆ 27 గ్రాములూ పామోలినే అనుకుంటే సంతృప్త కొవ్వు 11, 12 గ్రాములు. పాలు, పెరుగు, నెయ్యి, మాంసానికి ఇంకా చోటుంది. రోజూ పూరీలు, పకోడీలతో నూనె 60 గ్రాములకు చేరితే? ఒక్క పామోలిన్ నుంచే 25 గ్రాములు. పరిమితి దాటేసినట్టే. పొద్దుతిరుగుడు నూనె అయినా 60 గ్రాములంటే 540 క్యాలరీలు. ఒంటికి అదీ మంచిది కాదు. అంటే ఏ నూనె అన్నది ఎంత ముఖ్యమో, ఎంత నూనె అన్నదీ అంతే ముఖ్యం. అందుకే ఒక్క నూనెనే పట్టుకోకుండా మార్చి మార్చి వాడుకోమని నిపుణుల సలహా. గుండెజబ్బు, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువ ఉన్నవాళ్లు మాత్రం పామోలిన్ తగ్గించి, తమ డాక్టరు చెప్పినట్టు నడుచుకోవడమే మేలు.

కాబట్టి పెదవేగి రైతు తన గెలల్ని చూసి సిగ్గుపడక్కర్లేదు. ఏలూరు ఇల్లాలు పామోలిన్ ప్యాకెట్‌ను చూసి భయపడక్కర్లేదు. అలాగని అది మందూ కాదు. అది ఒక నూనె. కొలిచి పోసుకోవాల్సిన నూనె.

నమ్మే ముందు అయిదు ప్రశ్నలు

తిండి గురించి ఏ కొత్త సంగతి విన్నా, పదిమందికి పంపేముందు ఈ అయిదూ అడిగి చూడండి.

* ఏ రూపం? పచ్చిదా, ఎండుదా? ముడినూనెనా, శుద్ధి చేసిందా?

* ఎంత? 100 గ్రాముల లెక్కా? మనం నిజంగా తినేది అంతేనా?

* దేనితో పోల్చి? దీన్ని తినాలంటే దేన్ని మానేస్తున్నాం?

* ఎవరు? చెప్పేవాళ్ల చదువేంటి? దాన్ని వాళ్లే అమ్ముతున్నారా?

* ఎప్పుడు? ఏ ఏడాది కొలత? తర్వాత మారిందా?

అయిదింటికీ జవాబు దొరికితే ఆ మాట వంటింటి దాకా రానివ్వొచ్చు. మూడింటికే దొరికితే గుమ్మం దగ్గరే నిలబెట్టండి. ఒక్కదానికీ దొరక్కపోతే... ఇంకొకరికి పంపకుండా అక్కడితో ఆపేయండి. కూరగాయలవాడి దగ్గర వంకాయను అటూఇటూ తిప్పి పుచ్చు ఉందేమో చూసి గానీ బుట్టలో వేసుకోం కదా. మాటనూ అలాగే తిప్పి చూస్తే సరి!